వచ్చే శుక్రవారం నుంచి మన హోటల్లో బాటిళ్లు వద్దు

ఎడిసన్‌లో మన హోటల్‌కి ఏళ్ల తరబడి వస్తున్న అందరికీ చెప్తున్నాను, ఇకమీదట బీరు, వైన్ వెంట తెచ్చుకుని ఇక్కడ తాగడం కుదరదు. న్యూజెర్సీలో బార్ లైసెన్సులు జనాభాలో 3,000 మందికి ఒకటి చొప్పునే ఇస్తారు, అది కొనే తాహతు నాకు లేదు, అందుకే మొదటి నుంచీ ఎవరి బాటిల్ వాళ్లు తెచ్చుకునేవాళ్లు. శుక్రవారం బిర్యానీ గిరాకీలో సగం దాని వల్లే. తెలిసే ఆపుతున్నాను.

మన వెనక కంచె అవతలి ఇంట్లో తాగుడు మానేసిన ఎనిమిది మంది కలిసి ఉంటున్నారు. రెండేళ్ల కింద వాళ్లు దిగినప్పుడు వద్దని వీధిలో సంతకాలు పెట్టించారు, నేనూ పెట్టాను. ఆ కాగితం మన కౌంటర్ మీదే వారం రోజులుంది. ఏమీ కాలేదు. అలా కోలుకుంటున్నవాళ్లని ఇంటి విషయంలో వేరుగా చూడకూడదని ఫెయిర్ హౌసింగ్ చట్టంలో 1988లోనే చేర్చారని నాకు తర్వాత తెలిసింది. వాళ్లది 1975లో మేరీలాండ్‌లో మొదలైన ఆక్స్‌ఫర్డ్ హౌస్ పద్ధతి. పైన మేనేజర్ ఉండడు, అద్దె అందరూ సమానంగా పంచుకుంటారు, ఎవరైనా మళ్లీ తాగితే మిగతావాళ్లే ఓటు వేసి పంపించేస్తారు.

మార్చిలో ఒక శనివారం పొద్దున వెనక తలుపు కొట్టిన చప్పుడైంది. ఆ ఇంటాయన చెత్త సంచిని ఒంటికి తగలకుండా చెయ్యి చాపి పట్టుకుని, మొహం పక్కకి తిప్పుకుని నిల్చున్నాడు. లోపల 11 ఖాళీ బీరు బాటిళ్లు, ఒకదాని అడుగున ఇంకా రెండు గుక్కలున్నాయి. "మా ఇంటికి కొత్తగా వచ్చిన కుర్రాడు తాగుడు మానేసి 19 రోజులే అయింది, పెరట్లో ఇవన్నీ ఏరింది వాడే" అన్నాడాయన. మా కస్టమర్లు అలాంటివాళ్లు కాదని గట్టిగానే వాదించి పంపించేశాను. తర్వాత కెమెరా చూశాను. మనవాళ్లే, పార్కింగ్‌లో తాగి కంచె మీదుగా విసిరారు. ఎవరో చెప్పను.

లోపల తాగనిచ్చి పార్కింగ్‌లో మాత్రం ఆపుదామని మూడు శుక్రవారాలు మన సర్వర్ కుర్రాణ్ణి బయట నిలబెట్టాను. ఇంత పెద్దవాళ్లు భుజం మీద చెయ్యేసి "ఒక్క ఐదు నిమిషాలు తమ్ముడూ" అంటే వాడేం చెప్తాడు? నెలంతా నిద్రపట్టలేదు, లెక్కలు వేసుకుంటూనే కూర్చున్నాను. చివరికి మా ఆవిడ, "సంతకం పెట్టేటప్పుడు ఇంత ఆలోచించలేదుగా" అంది. అంతే, తేల్చేసుకున్నాను.

బాటిళ్లు ఉంటాయనుకుని పార్టీ బుక్ చేసుకున్నవాళ్లకి అడ్వాన్స్ మొత్తం తిరిగిచ్చేస్తాను. వంటలో, రేట్లలో ఏ మార్పూ లేదు. ఇద్దరు పాత కస్టమర్లు వేరే హోటల్ చూసుకుంటామని మొహం మీదే అనేశారు, మనసు చివుక్కుమంది. అయినా మాట మార్చను. ఆ ఇంటాయన దగ్గరికి వెళ్లి తప్పు నాదేనని చెప్పి వచ్చాను. శనివారం పొద్దున ఏడింటికి కంచె పక్కన నేనే శుభ్రం చేస్తున్నాను.