స్మైలీ బంతి ఇక ఇవ్వం: మణికట్టు లిగమెంట్ ఆపరేషన్ అయినవారికి

చెన్నై వెస్ట్ మాంబళంలోని మా చేతి ఫిజియోథెరపీ క్లినిక్‌కు వచ్చేవారికి ఈ నెల నుంచి మారుతున్న సంగతులు చెబుతున్నాం. మణికట్టు ఆపరేషన్లన్నిటికీ కలిపి ఇచ్చే ఒకే వ్యాయామాల కాగితం ఆపేశాం. మొదటి రోజే చేతిలో పెట్టే మెత్తటి స్మైలీ బంతి ఆపేశాం. 15 రోజులు వరసగా రమ్మనే ప్యాకేజీ కూడా తీసేశాం. మూడూ మా తప్పులే.

ముందు కాగితం సంగతి. బొటనవేలి వైపున్న స్కాఫాయిడ్, దాని పక్కనున్న ల్యూనేట్ అనే చిన్న ఎముకల్ని కలిపి ఉంచే లిగమెంట్ ఒకటి. చిటికెనవేలి వైపు, రెండు ముంజేతి ఎముకల చివర్లను పట్టి ఉంచే టీఎఫ్‌సీసీ (లిగమెంట్లు, మృదులాస్థి కలిసిన కట్టు) వేరొకటి. మొదటిది కుట్టినప్పుడు ఎముకలు జరక్కుండా కే-వైర్లు అనే సన్నటి లోహపు తీగలు గుచ్చి, సాధారణంగా 8 వారాల దాకా ఉంచుతారు. అప్పటిదాకా మణికట్టు కదపకూడదు. టీఎఫ్‌సీసీకి వంచడం కంటే తిప్పడమే ప్రమాదం. తాళంచెవి తిప్పినా, బట్ట పిండినా కుట్టు మీద లాగుడు పడుతుంది. అందుకే 4 నుంచి 6 వారాలు ముంజేయి తిరగకుండా మోచేతి దాకా వచ్చే స్ప్లింట్ (కదలకుండా పట్టి ఉంచే ప్లాస్టిక్ కట్టు) వేస్తాం. చిటికెనవేలి వైపు మణికట్టును ఎత్తే కండరం టీఎఫ్‌సీసీ వారికి ఆసరా, స్కాఫాయిడ్ వారికేమో ఎముకల మధ్య సందు పెంచేది. ఇద్దరికీ ఒకే కాగితం ఎలా సరిపోతుంది? ఇకమీదట డిశ్చార్జ్ సమ్మరీతో పాటు ఆపరేషన్ నోట్ కాపీ కూడా తీసుకురండి. అందులో ఉన్నదాన్ని బట్టి, మీ సర్జన్ చెప్పిన గడువుల ప్రకారమే మొదలుపెడతాం.

ఇక బంతి. పిడికిలి గట్టిగా బిగిస్తే క్యాపిటేట్ అనే ఎముక, కట్టె చీల్చడానికి దిగ్గొట్టే మేకులా, స్కాఫాయిడ్ ల్యూనేట్‌ల మధ్యకు తోసుకొస్తుంది. కుట్టిన చోటే ఆ ఒత్తిడి. కాబట్టి దాదాపు 12 వారాల దాకా పిసికే పని ఏదీ వద్దు, చపాతీ పిండితో సహా. మొదటి రోజు నుంచే చేయాల్సింది వేళ్ల పని: చాచడం, కొక్కెంలా వంచడం, బల్లలా మెటికల దగ్గర మాత్రం వంచడం, వదులుగా ముడవడం. మెలకువగా ఉన్నప్పుడు గంటకోసారి 10 చొప్పున. చేయి కిందికి వేలాడేయొద్దు, పడుకున్నప్పుడు రెండు దిండ్ల మీద గుండె కన్నా ఎత్తులో ఉంచండి. చేతి వాపు తగ్గకపోతే తర్వాత ఏ వ్యాయామమూ అచ్చిరాదు.

స్ప్లింట్ల మీద ఫిర్యాదులు ఎక్కువే వచ్చాయి, అందులో న్యాయముంది. అరచేతి గీతలు దాటి పైకి వచ్చిన స్ప్లింట్‌తో మెటికలు వంగవు. అది మా కొలత లోపం, వెంటనే వెనక్కి తెండి, కోసి ఇస్తాం. చిటికెనవేలి వైపు పొడుచుకొచ్చిన ఎముక దగ్గర ఒరుసుకుని ఎర్రబడినా అంతే. వాపు దిగాక వదులైతే మళ్లీ వేడిచేసి అమర్చడం ఉచితం. ఒకటి మాత్రం మీ చేతిలో ఉంది: ఈ ప్లాస్టిక్ సుమారు 65 నుంచి 70 డిగ్రీల నీళ్లలో మెత్తబడే రకం. మే నెలలో ఎండకు పెట్టిన కారు డాష్‌బోర్డు మీద వదిలేస్తే వంకరపోతుంది. చల్లటి సబ్బునీళ్లతో కడిగి నీడలో ఆరబెట్టండి. లోపలి కాటన్ తొడుగు చెమటకు రోజూ మార్చండి.

వైర్లు తీశాక, సర్జన్ సరేనన్నాక, మొదటి కదలిక గోడకు మేకు కొట్టే తీరు: మణికట్టును వెనక్కి, బొటనవేలి వైపుకు ఎత్తి, ముందుకు చిటికెనవేలి వైపుకు దించడం. చేతిలో సుత్తి ఉండదు, దెబ్బా ఉండదు. ఈ ఏటవాలు దారిలో స్కాఫాయిడ్, ల్యూనేట్ చాలా తక్కువ కదులుతాయి. నేరుగా ముందుకూ వెనక్కీ వంచడం ఆ తర్వాతే. ఇంట్లో పెద్దవాళ్లు నమస్కారం పెట్టించి అరచేతులు కిందికి నొక్కిస్తుంటారు, దయచేసి చేయించకండి. ముందుకు 40, వెనక్కి 40 డిగ్రీలు వస్తే ఇంటి పనులు చాలావరకు సాగుతాయి. మునుపటంత వంగకపోవచ్చు. మా దృష్టిలో కాస్త బిగుసుకున్న మణికట్టే నయం, వదులైనదాన్ని మళ్లీ బిగించడం మా వల్ల కాదు. వ్యాయామం తర్వాతి నొప్పి గంటలో దిగిపోవాలి. మర్నాడు పొద్దునకి వాపు పెరిగి ఉంటే లెక్క సగానికి తగ్గించండి.

నీళ్ల బిందె, గ్యాస్ సిలిండర్, బస్సులో పైకడ్డీ పట్టుకుని వేలాడటం, బండి యాక్సిలరేటర్ తిప్పడం, ఇవన్నీ సర్జన్ ఒప్పుకున్నాకే. నేల మీద చేతులానించి లేవడం, పుషప్‌లు చాలామందికి 4 నుంచి 6 నెలల మధ్య. అదీ ముందు గోడకు చేతులానించి మొదలుపెట్టాకే.

వైరు గుచ్చిన చోట చీము, ఎరుపు, జ్వరం కనిపిస్తే మా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి, ఆ రోజే సర్జన్ దగ్గరికి వెళ్లండి. ఫ్యాను గాలి తగిలినా భరించలేని మంట, చర్మం నిగనిగలాడటం, రంగు మారడం, ఒక్క చేతికే చెమట పట్టడం కూడా అంతే తొందర.

మొదటి నెల వారానికోసారి, వైర్లు తీశాక వారానికి రెండుసార్లు వస్తే చాలు. ప్యాకేజీకి ముందే కట్టినవారికి మిగిలిన రోజుల డబ్బు వాపసు ఇస్తున్నాం. రసీదు పోయినా ఫర్వాలేదు, రిజిస్టర్‌లో ఉంటుంది.