పాలడబ్బాలో పావు

చిన్నా,

నీ గొంతు విని మూడు వారాలైంది. పనిలో ఉన్నావనుకుంటున్నాను. ఇక్కడ అంతా బాగున్నాం. మీ నాన్న మోకాలు మామూలే. మామిడి పూత ఈసారి నిలిచింది. మొన్న పద్మత్త వచ్చి, నీకు పరగడుపున షుగర్ 160 వచ్చిందట అంది. ఆవిడ మాటల్లో సగమే నమ్మాలనుకో.

నేనేం టెన్షన్ పడటం లేదు, ఏదో గుర్తొచ్చి రాస్తున్నాను. నిరుడు మడగాస్కర్‌కి, మీ అంతనానరివోకి వచ్చినప్పుడు మీ ఇంటి ఓనరమ్మ, మనం 'నేనిబే' (వాళ్ల భాషలో అమ్మమ్మ) అని పిలిచే ఆవిడ, రుమజావ అనే ఆకులూ మాంసం కూర వండిన రోజు గుర్తుందా? ఆకుల్లో పసుప్పచ్చటి మొగ్గ ఉంటే తెలియక నమిలేశాను. అక్కలకర్ర కొరికినట్టు నాలుక జివ్వుమంది, పెదాలు మొద్దుబారాయి, నోరంతా నీళ్లే. పక్షవాతమే అనుకుని నీ చెయ్యి పట్టేసుకున్నాను. ఆవిడ నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకుని నా కంచంలో ఇంకో గుట్ట అన్నం వేసింది. అన్నాన్ని వాళ్లు 'వారి' అంటారని, మన వరిలాగే ఉందని ఆ రోజే చెప్పావు. ముచ్చటేసింది. కానీ నీ గుట్ట నాదానికి రెండింతలుందని కూడా చూశాను. అప్పుడే అనాల్సింది.

ఆ కూర తప్పేం కాదురా. అల్లం, టమాటా, ఆవాకు, కామంచాకు, ఆ జివ్వుమనే ఆకు, అన్నీ మంచివే. ఎద్దు మూపురం కొవ్వు మాత్రం వద్దు. కోడితో చేయమని అడుగు, చర్మం తీయించు. పైన తేలే నూనె గరిటెతో తీసేసి, ఆకు రెండింతలు వేయమను. ముందు ఆకూ ముక్కా తిని, ఆ తర్వాతే అన్నం. అసలు సంగతి అన్నమే. వాళ్లు బియ్యం కొలిచే కపువక, ఆ పాలడబ్బా, నిండా పోస్తే పావు కిలో పైనే బియ్యం. నీకు పూటకి అందులో పావు చాలు. ఎర్రబియ్యమైనా కొలిచే వండు. సీసా డ్రింకులు మానేసి, వాళ్లు అన్నం అడుగంటిన గిన్నెలో కాచే నీళ్లు తాగు.

మాత్రలు మొదలుపెట్టి ఉంటే మాత్రం డాక్టర్ని అడక్కుండా అన్నం ఒక్కసారిగా తగ్గించకు. షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి. చెప్పుల్లేకుండా తిరగకు. తాతయ్య బొటనవేలు సంగతి మళ్లీ చెప్పాలా?

ఆదివారం ఫోన్ చెయ్యి. నీకు సాయంత్రం ఆరైతే ఇక్కడ ఎనిమిదిన్నర, మేలుకునే ఉంటాను. రిపోర్టు ఫోటో కూడా పంపు. కాగితం మొత్తం కనపడాలి, పోయినసారిలా అంకెల మీద వేలు పెట్టి కాదు.

అమ్మ