మేతబీళ్లు, మట్టి, పచ్చిక: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం. జమాఖర్చుల పట్టిక విడిగా జతచేశాం. గొంతువాపు, జబ్బవాపు టీకాలు తొలకరికి ముందే వేయించాలన్న నియమంలో మార్పు లేదు. మిగతా నివేదికంతా మీరు పదేపదే అడుగుతున్న ప్రశ్న గురించే. మన సంఘం మూడు మేతబీళ్లలో, ఏటి లంకలో గరిక నిలుస్తోంది, పల్లపు బీడు తుంగమయం అవుతోంది, ఉప్పుటేటి వైపు నేల బోసిపోతోంది. పశువులు అవే, మేపూ అదే. మరి ఈ తేడా ఎక్కడిది?

తేడా మట్టిదే. అందుకే మూడు బీళ్లకూ ఒకే తేదీన మేపు తెరిచి ఒకే తేదీన మూసే పద్ధతిని మానేయాలని కార్యవర్గం ప్రతిపాదిస్తోంది.

మొక్కల లెక్క కోసం వెదురు బద్దలతో మీటరు చదరపు చట్రం కట్టాం. బీడుకు అడ్డంగా తాడు లాగి, పది అడుగులకోసారి చట్రం దించి, లోపల గరిక ఎంత, తుంగ ఎంత, పప్పుజాతి తీగలు ఎంత, పశువు ముట్టని కలుపు ఎంత, బోడి నేల ఎంత అని వాటాలుగా రాసుకోవాలి. గడ్డి బాగున్నచోటు చూసి చట్రం వేస్తే లెక్క దండగ. తాడు ఎక్కడికి తెస్తే అక్కడే వేయాలి, అది పేడకుప్ప మీద పడినా సరే. పేడ చుట్టూ గడ్డి ఏపుగా లేచినా పశువు దాన్ని వదిలేస్తుంది. ఆ గుబుర్లను పచ్చదనం అనుకుని మోసపోవద్దు.

లంక నేల ఒండ్రు కలిసిన ఇసుక. వాన వెలిసిన మర్నాడే పశువులు దిగినా నేల గట్టిపడదు. గరిక ఎదిగే కణుపులు నేలకు అంటుకునే ఉంటాయి కాబట్టి పైన ఎంత కొరికినా మళ్లీ చిగురేస్తుంది. నిలువుగా లేచే గడ్డికి ఎదిగే మొన పైకి వస్తుంది, అది తెగితే ఆ పిలక అంతటితో సరి. అలాగని మేపు పూర్తిగా ఆపినా లాభం లేదు. ముళ్లకంప కట్టి పశువుల్ని రానివ్వని మడిలో రెల్లు పైకెక్కి, నీడకు గరిక పలచబడింది. వరద తర్వాత మాత్రం ఆగాలి. బురద పూసిన గడ్డి తింటే పశువులకు పారుడు పట్టుకుంటుంది, ఒక మంచి వాన దాన్ని కడిగేదాకా లంక మూసే ఉంటుంది. ధవళేశ్వరం దగ్గర గోదావరి నీటిమట్టం 11.75 అడుగులకు చేరి మొదటి ప్రమాద హెచ్చరిక వచ్చేసరికే పశువులు ఏటిగట్టు ఎక్కాలి.

పల్లపు బీడు నల్లమట్టి. అసలు చిక్కంతా ఇక్కడే. తడిసిన బంకమట్టిని గేదె గిట్టలు తొక్కితే మట్టిలో గాలి ఆడే సందులు పూడిపోతాయి, నీరు ఇంకదు, గరిక వేరుకు ఊపిరాడదు. తుంగకు అదేమీ పట్టదు, దానికి నేలలో గడ్డలున్నాయి. పీకితే పైభాగమే ఊడొస్తుంది, గడ్డలు నేలలోనే ఉండి మళ్లీ మొలుస్తాయి. లేతగా ఉన్నప్పుడు పశువు కాస్త కొరుకుతుంది, ముదిరితే మూతి తిప్పేస్తుంది. నిలవ నీటిలో నత్తలు చేరి, నీటి అంచు గడ్డి ద్వారా పశువు కాలేయంలో చేరే కార్జపు జలగలు కూడా వస్తాయి. కాబట్టి ముందు మురుగుబోదె తవ్వాలి, ఆ తర్వాతే కలుపు మాట. మేపు తెరిచేముందు మడమతో గట్టిగా నొక్కి చూడండి. గుంటలో నీరు ఊరితే ఆ రోజు పశువును దించొద్దు.

ఉప్పుటేటి వైపు జిప్సం వేయమని కొందరు అడిగారు. ఒప్పుకోలేదు. మే నెలలో, ఉప్పు పైకి తేలి ఉన్నప్పుడు, 15 సెంటీమీటర్ల లోతు వరకు మట్టి తీసి పరీక్షకు పంపాం. తేలింది పాలచౌడు, అంటే కరిగే ఉప్పు పేరుకున్న నేల. ఉప్పు ఎంతుందో చెప్పే లవణ సూచిక 4 దాటింది, క్షారగుణం చెప్పే ఉదజని సూచిక (pH) 8.5 లోపే ఉంది. జిప్సం పనిచేసేది కారుచౌడుకు, అంటే సోడియం పట్టిన క్షార నేలకు. పాలచౌడుకు మంచినీరు కట్టి, ఉప్పును కరిగించి బోదెలోకి వదలడమే మందు. ఎండాకాలం కాలువలకు నీరు ఆపేస్తారు కాబట్టి ఆ పని వానల్లోనే. ఈలోగా గడ్డిని మొదలంటా మేపితే బోడి నేలలోని నీరు ఎండకు ఆవిరవుతూ అడుగు ఉప్పును పైకి తెస్తుంది, ఉప్పు మచ్చ ఏటేటా పెద్దదవుతుంది. అందుకే అక్కడ మాఘం నుంచి తొలకరి దాకా మేపు వద్దు.

గుంజకు కట్టి మేపేవారికి ఒక లెక్క. నాలుగు మీటర్ల పలుపుకు అందేది సుమారు 50 చదరపు మీటర్లు. చదరపు మీటరుకు 100 గ్రాముల ఎండు మేత ఉందనుకున్నా మొత్తం 5 కిలోలే. 400 కిలోల గేదెకు రోజుకు 10 కిలోల దాకా కావాలి. అంటే పూటకోసారి గుంజ మార్చాలి. మూడు రోజులు అక్కడే ఉంచితే గుండ్రంగా బోడి అవుతుంది, ఆ బోడిలో మొదట మొలిచేది వయ్యారిభామ. ఏటిగట్టు వాలు మీద గుంజ పాతడం పూర్తిగా నిషేధం.

వయ్యారిభామను పూతకు ముందే, చేతులకు తొడుగులు వేసుకుని, వేరుతో పీకాలి. సర్కారు తుమ్మ సంగతి వేరు. కాయలు తిన్న మేకల, పశువుల పేడలోంచే విత్తనం మొలుస్తుంది. కాయ రాలే రోజుల్లో తుమ్మ కిందికి మందను తోలొద్దు.

వచ్చే ఏడాది పల్లపు బీడు మీద ఒత్తిడి తగ్గాలంటే పశువులకు వేరే మేత చూపాలి. పప్పుజాతి మేత పైరైన పిల్లిపెసర విత్తనం సంఘం ద్వారా తెప్పిస్తున్నాం. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు, చేలో తడి ఉండగానే చల్లాలి. కోసిన తర్వాత చల్లితే పదును ఆరిపోయి మొలక పలచబడుతుంది. కావలసినవారు కోతలకు ముందే కార్యదర్శి దగ్గర పేరు రాయించుకోండి.