మావయ్యగారి జేబులో మిగిలిన రెండొందల నోటు

జొహానెస్‌బర్గ్,
జూలై 20

ఒరేయ్ సత్తిబాబూ,

"సింహం ఫొటో పంపరా" అని మూడుసార్లు అడిగావు. తీశాన్రా బాబూ. అందులో సింహం తోకా, మా ముందున్న తెల్లకారు వెనకద్దమూ పడ్డాయి. అంచేత ఫొటో బదులు ఉత్తరం రాస్తున్నాను. ఇంకో కారణం కూడా ఉంది. మావయ్యగారు వచ్చే వారం మండపేట చేరతారు. చేరిన మర్నాడే నీ ఎరువుల కొట్టు ముందు కుర్చీ వేసుకుని కథ మొదలెడతారు. ఆయన గొంతు సవరించుకునేలోపే నా వైపు సంగతి నీకు అందాలి.

మేం వెళ్ళింది దక్షిణాఫ్రికాలోని క్రూగర్ నేషనల్ పార్కుకి. మన పాత ఉభయ గోదావరి జిల్లాలూ పక్కపక్కన పెట్టినా ఇంకాస్త చోటు మిగులుతుంది, 19,485 చదరపు కిలోమీటర్లు. 1926లో నేషనల్ పార్కు అయింది. ఇక్కణ్ణించి కారులో తెల్లారి బయల్దేరితే మధ్యాహ్నానికి క్రొకడైల్ బ్రిడ్జి గేటు దగ్గర ఉంటాం. సొంత కారులోనే తిరగొచ్చు, కానీ దిగకూడదు. తారురోడ్డు మీద గంటకి 50, మట్టిరోడ్డు మీద 40 దాటకూడదు. "మా నాన్న ఎడ్లబండి మీద ఇంతకన్నా ముందెళ్ళేవాళ్ళం" అన్నారు మావయ్యగారు మొదటి పావుగంటలోనే.

దారిలో పెట్రోలు కొట్టించినప్పుడు చిల్లర లెక్కపెడుతూ ఆయన ఓ సంగతి కనిపెట్టారు. నేను ఆరేళ్ళుగా ఈ దేశంలో ఉండి పట్టించుకోలేదు, చూడు. ఇక్కడి నోట్ల వెనక నోటుకో జంతువు ఉంటుంది. పదికి ఖడ్గమృగం, ఇరవైకి ఏనుగు, యాభైకి సింహం, వందకి దున్న, రెండొందలకి చిరుత. కాలినడకన వేటాడటానికి ఈ అయిదూ మహా ప్రమాదమని పాతకాలం వేటగాళ్ళు వీటికి బిగ్ ఫైవ్ అని పేరెట్టారు. ఆ ముక్క చెప్పగానే మావయ్యగారు నా దగ్గర అయిదు నోట్లు తీసుకుని చొక్కా ఎడం జేబులో పెట్టుకున్నారు. ఏ జంతువు కనిపిస్తే ఆ నోటు కుడి జేబులోకి మారుతుందట. "మిగిలిపోతే?" అంది సుజాత. "మిగలదమ్మా. టిక్కెట్టు కొన్నాం గదా" అన్నారు.

గేటు దాటి అరగంట కాలేదు, ఇరవై నోటు మారిపోయింది. రోడ్డుకి అడ్డంగా ఏనుగుల మంద. ముందు ఓ పెద్దది వచ్చి మధ్యలో నిలబడింది, మన ఊళ్ళో బడి వదిలే వేళకి మాష్టారు రోడ్డు మీద చెయ్యి అడ్డం పెట్టినట్టు. మిగతావన్నీ దాని వెనక దాటాయి. చివర్లో తల్లి కాళ్ళ మధ్య ఓ పిల్ల, తొండం ఎలా వాడాలో దానికింకా తెలిసినట్టు లేదు, తొక్కుకుని తూలింది. నేనూ సుజాతా పిల్లని చూసి మురిసిపోతుంటే మావయ్యగారు అద్దంలోంచి కిందికి వంగి పేడ చూస్తున్నారు. "అల్లుడుగారూ, సగం గడ్డి గడ్డిలాగే ఉంది. దీనికి అరగట్లేదు." ఆ మాట నిజమే. ఏనుగు రోజుకి నూటయాభై కిలోల దాకా తింటుంది, అందులో సగం కూడా ఒంటపట్టదు. అందుకే ఆ పేడలో గింజలు ఏరుకోడానికి పిట్టలూ బబూన్ కోతులూ తయారు. "ఒక్క లారీ లోడు మన కొబ్బరితోటకి దింపితే సత్తిబాబు కొట్టు మూసుకోవాల్సిందే" అన్నారు. అన్నది అన్నట్టు రాస్తున్నాను, నన్ను తిట్టకు.

మేం దిగింది లోయర్ సాబీ క్యాంపులో. ఇప్పుడు ఇక్కడ చలికాలం, వానల్లేవు. గడ్డి ఎండి పలచబడుతుంది, జంతువులన్నీ నీళ్ళ దగ్గరికే చేరతాయి. చూడ్డానికి ఇదే మంచి కాలం. తెల్లారి ఆరింటికి క్యాంపు గేటు తీస్తారు. అప్పటికే కార్లు బారులు తీరి ఉంటాయి, అందరూ మంకీ క్యాపులూ దుప్పట్లూ. పొద్దున్నే ఇలా జంతువుల కోసం తిరగడాన్ని గేమ్ డ్రైవ్ అంటారు. ఆట కాదురోయ్, వేటజంతువుని ఇంగ్లీషులో గేమ్ అంటారు.

రెండోరోజు ఏడింటికల్లా స్కుకూజా అనే ఇంకో క్యాంపు వైపు వెళ్ళే నదివార రోడ్డు మీద పద్నాలుగు కార్లు ఆగి ఉన్నాయి. ఇక్కడ కార్లు ఆగాయంటే అడక్కర్లేదు. రెండు మగసింహాలు, తారురోడ్డు నడిమధ్య. నడుస్తూ నడుస్తూ ఆగి, అక్కడే పడుకున్నాయి. సరిగ్గా అప్పుడే మావయ్యగారు నా భుజం తట్టారు. ఆయనకి షుగరున్న సంగతి నీకు తెలుసు గదా.

"ఎంతసేపాపగలరు మావయ్యగారూ?"

"అవి లేచేదాకా ఆపాలంటారా?"

ముందు సింహాలు, వెనక కార్లు. దిగితే చట్టం ఒప్పుకోదు, సింహం అసలొప్పుకోదు. ఖాళీ సీసా ఉందని నేను మెల్లిగా చెబితే "కూతురు ముందా!" అని కసిరారు. సుజాత కిటికీ వైపు తిరిగి భుజాలు కదలకుండా నవ్వడానికి నానా అవస్థా పడింది. సింహం రోజులో ఇరవై గంటలు పడుకోగలదని ఎక్కడో చదివినది నాకు అప్పుడే గుర్తురావాలా? గుర్తొచ్చింది, పైకి అనేశాను కూడా. ఆయన నావైపు చూసిన చూపు ఆ సింహాలు కూడా చూడలేదురా.

నలభై నిమిషాలకి ఒకటి లేచింది. ఒళ్ళు విరుచుకుని కార్ల వరస పక్కనే నడుచుకుంటూ మా వైపు వచ్చింది. అద్దం పూర్తిగా ఎక్కించాను. చెయ్యి చాస్తే అందేంత దూరంలో వెళ్ళింది. ముక్కు మీద పాత గాట్లు, ఓ చెవి చివర చిరిగి ఉంది, జూలులో ముళ్ళు చిక్కుకున్నాయి. పొట్ట నిండా తిన్నట్టుంది, అడుగు అడుగుకీ ఊగుతోంది. మమ్మల్ని చూడలేదు. కారుని కూడా ఓ రాయిని చూసినట్టయినా చూడలేదు. నా ఊపిరికి అద్దం మసకబారింది, ఫొటో అందుకే అలా తగలడింది. మావయ్యగారు ఆ అవస్థలో కూడా యాభై నోటు తీసి కుడి జేబులో పెట్టారు.

దగ్గర్లో న్కూలూ అనే పిక్నిక్ చోటుంది, అక్కడ దిగొచ్చు. ఆయన్ని అలా పరిగెత్తగా నేను పెళ్ళయ్యాక చూడలేదు. ఆయన అటెళ్ళారు, ఇటు మేం పులిహోర విప్పాం. ఎక్కణ్ణించి దూకిందో ఓ బబూన్, జంతికల డబ్బా చంకన పెట్టుకుని చెట్టెక్కేసింది. మూత తిప్పి తీసిందిరా, మనిషిలాగా. అత్తయ్యగారు సముద్రాలు దాటించి పంపిన జంతికలు. ఆ సంగతి ఆవిడకి చెప్పలేదు, నువ్వూ చెప్పకు.

వంద నోటు ఆ సాయంత్రమే మారింది. పార్కు వాళ్ళే నాలుగున్నరకి ఎత్తుగా ఉండే బండిలో తీసుకెళ్తారు, చీకటి పడ్డాక సర్చిలైటు ప్రయాణికుల చేతికే ఇస్తారు. మావయ్యగారు లైటు పట్టుకున్నారు. చిన్నప్పుడు కాలవ గట్టున పీతలకి లైటేసిన చెయ్యి గదా, మహా నిలకడ. చెట్టు కొమ్మన మెరిసిన రెండు చుక్కల్ని అందరికన్నా ముందు ఆయనే పట్టారు. పునుగుపిల్లిని పోలిన జెనెట్ అది. తర్వాత రోడ్డు నిండా దున్నలు, వందల్లో. బండి ఆపేస్తే చుట్టూ గిట్టల చప్పుడూ, నెమరు వాసనా. ఆయన లైటు దించి చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత రేంజరుని అడగమన్నారు: "వీటికి ముక్కుతాడు వేసినవాడు ఒక్కడూ లేడా?" లేడట. మన గేదె వంశం వేరు, ఇది వేరు. దీన్ని మచ్చిక చేసుకున్నవాళ్ళు లేరు. కొమ్ములు నడినెత్తిన పాపిడి తీసి రెండువైపులా దువ్వినట్టుంటాయి. మందలోంచి తప్పుకుని ఒంటికి బురద పూసుకుని ఇద్దరు ముగ్గురుగా తిరిగే ముసలి దున్నల్ని ఇక్కడ డాగా బాయ్స్ అంటారు. "రావిచెట్టు అరుగు బ్యాచ్ అన్నమాట" అన్నారాయన.

పది నోటు సంగతి వేరు. ఎక్కడ చూశామో రాయను. క్యాంపుల్లో ఏ జంతువు ఎక్కడ కనిపించిందో రంగురంగుల బిళ్ళలతో మ్యాపు మీద పెడతారు. ఖడ్గమృగానికి మాత్రం బిళ్ళ పెట్టరు, కొమ్ము దొంగలు చూస్తారని. మాకు కనిపించినవి రెండు, తల్లీ పిల్లా, గడ్డి కోస్తున్న యంత్రాల్లా తల ఎత్తకుండా మేస్తున్నాయి. మావయ్యగారు నోటు తీసి చూశారు, తల్లిని చూశారు, మళ్ళీ నోటు చూశారు. "నోటు మీద కొమ్ముంది. దీనికి లేదే?"

కోసేశారని చెప్పాను. దొంగలు చంపకుండా ఉండాలని పార్కు వాళ్ళే మత్తిచ్చి, కళ్ళకి గుడ్డ కట్టి, రంపంతో కోస్తారు. కొమ్ము మన గోరులాంటిదే, నొప్పుండదు, మళ్ళీ పెరుగుతుంది. ఏడాదిన్నరకో రెండేళ్ళకో మళ్ళీ కోయాలి. అసలీ తెల్ల ఖడ్గమృగాలు క్రూగర్‌లో ఒకప్పుడు పూర్తిగా అంతరించాయి. 1961 నుంచి దక్షిణాన ఉన్న ఉంఫొలోజీ అడవి నుంచి తెచ్చి వదిలితే పెరిగినవే ఇవన్నీ. అంతా విని, ఆయన నోటుని మడిచి కుడి జేబులో పెట్టుకున్నారు గానీ మిగతా నోట్లప్పుడున్న హుషారు లేదు. కారు కదిలాక "పొడిచే కోడెకి కొమ్ములు కోశాం గానీ..." అని ఆపేశారు.

పక్క కాటేజీలో డర్బన్ నుంచి వచ్చిన పెద్దాయన, ఇంటిపేరు నాయుడు. ముత్తాత చెరుకు తోటల్లో పనికి మద్రాసు నుంచి ఓడెక్కి వచ్చాడట. తెలుగులో అమ్మ, అన్నం, "రా, కూచో" మిగిలాయి. ఆ నాలుగు మాటలతోనే ఆయనా మావయ్యగారూ గంట కబుర్లాడారు, ఎలాగో నన్నడక్కు. దుమ్ములగొండి పిల్లల జాడ చెప్పింది ఆయనే. రోడ్డు కింద తూములో కాపురం పెట్టాయట.

మూడోరోజు సాయంత్రం వెళ్ళి తూము పక్కన ఇంజను ఆపాం. ముందు రెండు చెవులు, గుండ్రంగా. తర్వాత నల్లటి మొహం. ఇంకా మచ్చలు తేలని కూన అది. వెనక మరో రెండు. తల్లి రోడ్డు పక్కన ఒరిగి పడుకుని ఓ కంట మమ్మల్ని కనిపెడుతూనే ఉంది. కూన వచ్చి మా ముందు టైరు వాసన చూసింది, నాకింది, కొరికి చూసింది కూడా. టైరు మీద చిన్న పళ్ళు గరగరలాడిన శబ్దం కారులోకి వినిపించింది. మనూళ్ళో దుమ్ములగొండి అంటే తిట్టు గదా. మావయ్యగారు అద్దానికి ముక్కు ఆనించి ఇరవై నిమిషాలు కదల్లేదు. "దీనికి నోటు లేదా?" అన్నారు. లేదన్నాను. "వేయాల్సింది." క్యాంపు గేటు అయిదున్నరకి మూస్తారు, మేం చేరేసరికి రెండు నిమిషాలే ఉంది. కాపలా అబ్బాయి గడియారం చూపించి వేలు ఊపాడు.

ఇంకా చాలా ఉన్నాయి. పాలపిట్టకి చెల్లెలు వరసైన పిట్ట ఒకటి ప్రతి ఎండుకొమ్మ మీదా కనిపిస్తుంది, రొమ్ము మాత్రం వంగపువ్వు రంగు. కనిపించినప్పుడల్లా ఆయన దసరా అన్నట్టు దండం పెట్టారు, రోజుకి ఇరవైసార్లు.

ఇక రెండొందల నోటు. చివరి పొద్దున ఓ చెట్టు పంగలో జింక కళేబరం వేలాడుతోంది, సగం తిన్నది. చిరుత పనే, సింహాలకీ దుమ్ములగొండ్లకీ అందకుండా అలా పైకెక్కిస్తుంది. గంటన్నర కాచాం. ఈగలు వచ్చాయి, ఓ గద్ద వచ్చింది, చిరుత రాలేదు. "చెట్టు దాకా వచ్చినట్టే గదా, మార్చేయండి మావయ్యగారూ" అన్నాను. "ఎంగిలాకు చూసి పెళ్ళికొడుకుని చూశానంటామా?" అన్నారు.

ఆ నోటు ఇంకా ఎడం జేబులోనే ఉంది. నేను అడిగితే ఇవ్వలేదు. మళ్ళీ వచ్చినప్పుడు మారుస్తారట. నీ కొట్టుకొచ్చినప్పుడు ఎడం జేబు వైపు చూడకు, చూసినా చిరుత మాటెత్తకు. ఎత్తితే నెల రోజుల్లో మళ్ళీ వీసా కాగితాలు నా నెత్తినే పడతాయి.

జంతికల సంగతి మర్చిపోకు.

నీ,
బుజ్జి