‘క్యాజువల్టీ’ నిడివిని తగ్గించవద్దు

సంపాదకులకు నమస్కారం.

బ్రిటన్‌లో బీబీసీ వన్ చానల్ శనివారం రాత్రుళ్లు ప్రసారం చేసే ‘క్యాజువల్టీ’ ధారావాహిక గురించి ఇటీవల మీ పత్రికలో వచ్చిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. నర్సు ఛార్లీ ఫెయిర్‌హెడ్ పాత్రధారి డెరెక్ థాంప్సన్ 2024 మార్చిలో వైదొలగడంతో ఆ ధారావాహికకు ప్రాణం పోయిందని, తెలిసిన ముఖాలు ఒక్కొక్కటిగా కనుమరుగవుతుంటే ఇక చూడడానికి ఏమీ మిగలలేదని వ్యాసకర్త ఆవేదన చెందారు. ఆ ఆవేదన నాకూ ఉంది. అయితే దానికి ఆయన చెప్పిన కారణంతో ఏకీభవించలేకపోతున్నాను. చాలా ఏళ్లుగా కార్డిఫ్‌లో ఉంటూ ఈ ధారావాహికను క్రమం తప్పకుండా చూస్తున్న ప్రేక్షకురాలిగా నా అభిప్రాయాన్ని మీ పాఠకుల ముందు ఉంచుతున్నాను.

జెరెమీ బ్రాక్, పాల్ అన్విన్ అనే ఇద్దరు రచయితలు రూపొందించిన ఈ ధారావాహిక 1986 సెప్టెంబరు 6న మొదలైంది. హోల్బీ అనే కల్పిత నగరంలోని ఆసుపత్రి ఎమర్జెన్సీ విభాగం దీనికి రంగస్థలం. 1948లో ఎంతో ఆశతో ఏర్పడిన జాతీయ ఆరోగ్య సేవ, అంటే ఎన్‌హెచ్‌ఎస్, 1980లలో నిధుల కొరతతో ఎలా కుంగిపోతున్నదో చెప్పాలన్న తపనతోనే వారు కలం పట్టారు. ఆనాటి ప్రభుత్వ పక్షానికి అది రుచించలేదు కూడా. పెద్ద డాక్టర్లను కాకుండా రాత్రి డ్యూటీ నర్సులను కథకు కేంద్రంగా నిలబెట్టడం, అందులోనూ ఒక మగ నర్సును ప్రధాన పాత్రగా తీసుకోవడం అప్పట్లో చిన్న సాహసమేమీ కాదు. బ్రిస్టల్ రాయల్ ఇన్‌ఫర్మరీలో పనిచేస్తున్న ఒక నర్సును దగ్గరగా చూసి ఛార్లీ పాత్రను మలిచారు.

ఇక నటులు మారడమన్నది నిన్న మొన్న మొదలైనది కాదు. మెగన్ రోచ్ అనే నర్సు పాత్రలో తొలి ఏళ్లలోనే ప్రేక్షకుల మనసు గెలుచుకున్న బ్రెండా ఫ్రికర్ 1990లో ఆస్కార్ అందుకున్న నటి. ఆమె వెళ్లిపోయినప్పుడు కూడా ఇక అయిపోయిందనే అనుకున్నవారు ఉండి ఉంటారు. 2007లో డాక్టర్ జోయీ హన్నాగా వచ్చిన సునేత్రా సర్కార్ 2016లో సెలవు తీసుకున్నారు. సోదర ధారావాహిక ‘హోల్బీ సిటీ’ నుంచి 2014లో ఇక్కడికి మారిన డాక్టర్ కోనీ బోషాం పాత్రధారి అమాండా మీలింగ్ 2021లో తప్పుకున్నారు. డిలన్ కియో పాత్రలో విలియం బెక్ 2011లో వచ్చి, మధ్యలో వెళ్లి, తిరిగి వచ్చి నిలదొక్కుకున్నారు. నిజమైన ఎమర్జెన్సీ విభాగంలోనూ జరిగేది ఇదే కదా. శిక్షణలో ఉన్న డాక్టర్లు కొన్ని నెలలకే మరో విభాగానికి మారతారు, నర్సులు వేరే ఊరికి బదిలీ అవుతారు, అలసిపోయినవారు ఉద్యోగమే మానేస్తారు. కాబట్టి నటులు వచ్చిపోతుండడం ఈ కథకు లోపం కాదని, కథా స్థలం స్వభావమే అదని నా నమ్మకం.

మరి ఛార్లీ లేని లోటు ఎందుకింతగా బాధిస్తున్నది? థాంప్సన్ గొప్ప నటులు కావడం ఒక కారణమైనా, అసలు సంగతి ఆయన ఆ ఆసుపత్రికి జ్ఞాపకశక్తిగా ఉండడమే. కొత్తగా చేరిన పాతికేళ్ల డాక్టరు ఏదో ఒక కేసులో తడబడి, సామాన్ల గదిలోకి వెళ్లి ఒంటరిగా నిలబడితే, ఛార్లీ పక్కన నిలబడి రెండు మాటలు చెప్పేవారు. ఆ రెండు మాటల వెనుక మూడు దశాబ్దాల రాత్రి డ్యూటీలు ఉన్నాయని చూసేవారికి తెలుసు. వాటిని వారు కళ్లారా చూశారు. ఏ రచయితా ఒక్క సన్నివేశంలో రాసి సంపాదించగలిగిన బరువు కాదది.

ఇందుకు డఫీ కథే సాక్ష్యం. తొలి ఎపిసోడ్ నుంచీ ఉన్న నర్సు డఫీ పాత్రలో కాథీ షిప్టన్ నటించారు. ఆమె కూడా వెళ్తూ, మళ్లీ వస్తూ ఉన్నారు. చివరికి ఛార్లీకి భార్య అయిన డఫీకి వాస్కులర్ డిమెన్షియా, అంటే మెదడుకు రక్తప్రసరణ తగ్గి జ్ఞాపకశక్తి క్షీణించే జబ్బు వచ్చినట్లు చూపించారు. జీవితమంతా మందుల పేర్లు, మోతాదులు నాలుకమీద ఉంచుకున్న మనిషి తన పనిలోనే తడబడడం, ఆ తడబాటును తోటివారికంటే ముందు తానే గమనించి భయపడడం, భర్త ఆ భయాన్ని గుర్తించీ పైకి మామూలుగా ఉండడం నెలల తరబడి మెల్లమెల్లగా సాగాయి. 2020 ఫిబ్రవరిలో ఆమె మరణాన్ని చూపించినప్పుడు, 1986లో ఇరవైల్లో ఉన్న డఫీని చూసినవారు ఎందరో తమ ఇంటి మనిషి పోయినట్టు కంటతడి పెట్టుకున్నారు. 2021 జనవరిలో నోయెల్ గార్సియా కోవిడ్‌తో చనిపోయినప్పుడూ అంతే. నోయెల్ డాక్టరు కాదు, నర్సు కాదు. రిసెప్షన్ కౌంటరు వెనుక కూర్చుని వచ్చినవారి పేర్లు రాసుకుంటూ, విసుక్కునేవారిని ఓదార్చే ఉద్యోగి. టోనీ మార్షల్ ఆ పాత్రను 2008 నుంచి పోషించారు. అన్నేళ్లు కౌంటరులో కనిపించిన మనిషి ఒక్కసారిగా లేకపోవడం వల్లనే ఆసుపత్రి సిబ్బందిని ఆ మహమ్మారి ఎంతగా బలి తీసుకున్నదో గణాంకాలకంటే లోతుగా తెలిసింది.

నిర్మాణపరమైన మార్పులన్నిటినీ నేను వ్యతిరేకించడం లేదు. పాతికేళ్లు బ్రిస్టల్‌లో తీసిన ధారావాహికను 2011లో కార్డిఫ్‌లోని రోత్ లాక్ స్టూడియోలకు తరలించారు. భవనం మారింది, నడవాలు మారాయి, కథ చెక్కుచెదరలేదు. 2017 జులైలో ప్రసారమైన ‘వన్’ అనే ఎపిసోడ్‌ను 48 నిమిషాలపాటు ఒక్క కోత కూడా లేకుండా ఒకే షాట్‌లో చిత్రీకరించారు. ఒక మంచం దగ్గరి నుంచి మరో మంచానికి, అక్కడి నుంచి ప్రాణాపాయంలో ఉన్నవారికి చికిత్స చేసే రిససిటేషన్ గదికి కెమెరా ఆగకుండా తిరుగుతుంటే, ఎమర్జెన్సీ విభాగంలో ఒకరి చావుబతుకులకూ మరొకరి మామూలు పలకరింపుకూ మధ్య ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఉండదన్న సత్యం కళ్లకు కట్టింది. దాన్ని రాసింది తొలి సృష్టికర్తల్లో ఒకరైన పాల్ అన్విన్, దర్శకత్వం వహించింది జాన్ సెన్. అంత సాహసానికి మరుసటి ఏడాది బ్రిటన్‌లో సినిమా, టీవీ రంగాలకు ఇచ్చే బాఫ్టా పురస్కారం దక్కిందంటే ఆశ్చర్యం లేదు.

నాకు అభ్యంతరం ఉన్నది ఆ తరువాతి మార్పుతోనే. జాన్ సెన్ ఎగ్జిక్యూటివ్ ప్రొడ్యూసర్‌గా ఉన్న కాలంలో, 2023 ఆగస్టు నుంచి ధారావాహికను పన్నెండేసి ఎపిసోడ్ల చిన్న భాగాలుగా విడదీశారు. ఒక భాగానికీ మరో భాగానికీ మధ్య నెలల విరామం వస్తున్నది. ఒకప్పుడు ఏడాదికి నలభైకి పైగా వచ్చిన ఎపిసోడ్లు బాగా తగ్గిపోయాయి. ఈ కొత్త పద్ధతిలో కథనం బిగువుగా ఉన్న మాట నిజం, 2024లో బాఫ్టా మరోసారి వరించిన మాటా నిజం. కానీ బిగువు కోసం వదులుకున్నదేమిటో చూడాలి. పాత ఎపిసోడ్లు తరచూ ఆసుపత్రికి బయట మొదలయ్యేవి. నిచ్చెన ఎక్కుతున్న తండ్రినో, పొలంలో యంత్రాన్ని సరిచేస్తున్న కుర్రవాణ్ణో, గొడవపడుతూ కారులో వెళ్తున్న అక్కాచెల్లెళ్లనో చూపించేవారు. ఎవరికి ఏం జరగబోతున్నదోనని చూసేవారి గుండెలు దడదడలాడేవి. ఆ అపరిచితుల కుటుంబాల ద్వారానే బ్రిటన్ సమాజం, దాని పేదరికం, ఒంటరితనం, అప్పులు, పంతాలు ఆసుపత్రి తలుపు దాటి లోపలికి వచ్చేవి. ఇప్పుడు పన్నెండు వారాల్లో సిబ్బంది సొంత గొడవలు ముగించాలి గనుక రోగులు పక్కకు జరిగారు. డాక్టర్ల ప్రేమలు, పగలు, విచారణలే ముందు వరుసలోకి వచ్చాయి. ఆసుపత్రి కథలో రోగి అతిథిగా మారిపోతే ఎలా?

మరొక నష్టం కూడా ఉంది. ‘హోల్బీ సిటీ’ని 23 ఏళ్ల తరువాత 2022 మార్చిలో ఆపేశారు. పగటిపూట ప్రసారమయ్యే ‘డాక్టర్స్’ 2024 నవంబరులో ముగిసింది. అంటే బీబీసీలో ఏడాది పొడవునా సాగిన మూడు వైద్య ధారావాహికల్లో మిగిలింది ఇదొక్కటే. కొత్త రచయితలు, దర్శకులు, రంగస్థలం నుంచి వచ్చిన యువ నటీనటులు పని నేర్చుకున్నది ఇటువంటి చోటనే. కేట్ విన్‌స్లెట్, ఓర్లాండో బ్లూమ్ వంటివారు పేరు రాకముందు ‘క్యాజువల్టీ’లో చిన్న పాత్రల్లో కనిపించినవారే. ప్రతి వారం కొత్త రోగి ఉంటేనే ప్రతి వారం కొత్త నటునికి అవకాశం ఉంటుంది. ఎపిసోడ్లు తగ్గినప్పుడు ముందుగా మూసుకునేది ఆ చిన్న తలుపే.

ఖర్చులు పెరిగాయని, ప్రేక్షకులు తమకు వీలైన సమయంలో బీబీసీ ఆన్‌లైన్ వేదిక ఐప్లేయర్‌లో వరుసగా చూడడానికి అలవాటు పడ్డారని చెప్పే వాదనను నేను కొట్టిపారేయడం లేదు. అయితే బీబీసీ నడిచేది ప్రకటనల మీద కాదు. ఏటా లైసెన్సు రుసుము (2025 ఏప్రిల్‌లో అది 174.50 పౌండ్లు) చెల్లిస్తున్న కుటుంబాల మీద. ఎన్‌హెచ్‌ఎస్‌లో డాక్టర్లుగా, నర్సులుగా పనిచేస్తున్న తెలుగువారి కుటుంబాలు కూడా వారిలో ఉన్నాయి. తమ ఉద్యోగ జీవితంలోని అలసటను, గౌరవాన్ని ప్రతి వారం తెర మీద చూపించే కార్యక్రమం వారికి మరొకటి లేదు.

బీబీసీ నడవడానికి ఆధారమైన అధికార పత్రం, అంటే ప్రస్తుత రాయల్ చార్టర్, 2027 డిసెంబరు 31తో ముగుస్తుంది. తరువాతి చార్టర్ మీద చర్చ సాగే ఈ కాలంలో, బ్రిటన్‌లో ఉన్న మీ పాఠకులు తమ ప్రాంతపు పార్లమెంటు సభ్యులకు, బీబీసీకి ఉత్తరాలు రాయాలని కోరుతున్నాను. ఛార్లీని వెనక్కి తీసుకురమ్మని అడగవలసిన పని లేదు, ఆయన విశ్రాంతికి అర్హులు. ఏడాదిలో ఎక్కువ వారాలు ప్రసారం చేయమని, ప్రతి ఎపిసోడ్‌లో కనీసం ఒక రోగి కథనైనా మొదటి నుంచి చివరిదాకా చెప్పమని, ఇప్పుడున్న నర్సు పాత్రల్లో ఒకరిద్దరినైనా పదేళ్లపాటు నిలిపి ఉంచమని అడిగితే చాలు.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కార్డిఫ్