మిగతా తొమ్మిది బాంగో జతల సంగతి

అడ్వాన్సు ఇచ్చి ఎదురుచూస్తున్న అందరికీ నమస్కారం. ఆగస్టు మొదటి వారంలో పంపుతామన్న 14 బాంగోల్లో (ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, జతగా చేతులతో వాయించే డోళ్లు) 5 జతలు మాత్రమే వెళ్లాయి. తప్పు నాదే.

తోలును రాత్రంతా నానబెట్టి, మెత్తబడ్డాక చెక్క డొల్ల మీద పరిచి, రింగు దించి, బోల్టులు కాస్త బిగించి వదిలేస్తాం. ఆపైన అది నీడలో దానంతటదే ఆరాలి. ఈసారి ముసురు వదల్లేదు. నేను ఆగలేక గదిలో హీటర్ పెట్టాను. పైన గలగలా ఎండింది కానీ రింగు కింద మడతలో తడి అలాగే ఉండిపోయింది. వారం తర్వాత శ్రుతికి బిగిస్తుంటే రింగు అంచునే టప్పున చిట్లింది. మర్నాడు ఇంకోటి. ఇక నమ్మకం లేక తొమ్మిదీ విప్పేశాం.

చిట్లిన రెండూ చిన్నవే. జతలో పెద్దది సుమారు 8.5 అంగుళాల వెడల్పు, చిన్నది 7. చిన్నదాన్ని బాగా పై శ్రుతిలో పెట్టాలి కాబట్టి బిగువంతా దాని మీదే. క్యూబాలో దాన్ని మాచో అంటారు, అంటే మగది. పెద్దది ఎంబ్రా, ఆడది. మా వర్క్‌షాపులో మాత్రం మగాడికే ఓపిక తక్కువ!

క్యూబా అంటే గుర్తొచ్చింది. మా డబ్బాల మీద ‘ఆఫ్రికా డోలు’ అని అచ్చేయించాం, అదీ తప్పే. మూలాలు ఆఫ్రికావే. కానీ ఈ జంట డోలు రూపుదిద్దుకున్నది 19వ శతాబ్దం చివర్లో, తూర్పు క్యూబాలో, బానిసలుగా తెచ్చిన ఆఫ్రికన్ల సంతతి చేతుల్లో. సోన్ అనే క్యూబా పాటలతో పాటు రాజధాని హవానా చేరింది. అప్పట్లో బోల్టులు లేవు, తోలును మేకులతో చెక్కకి దిగ్గొట్టేవారు. సాగితే మంట దగ్గర పెట్టేవారు, మనవాళ్లు డప్పు కాచుకున్నట్టే.

అలాగని మీరు గ్యాస్ స్టవ్ దగ్గర పెట్టకండి, ఒకరు పెట్టారు. వానకి సౌండ్ డల్ అయితే బోల్టులన్నీ వరసగా పావు చుట్టు తిప్పండి. వాయించాక మళ్లీ వదులు చేయండి.

కొత్త తోళ్లు నానాయి. ఈసారి హీటర్ లేదు, సెప్టెంబరు 20 లోపు పంపుతాను. ఆగలేనివాళ్లు వాట్సాప్‌లో చెప్పండి, అడ్వాన్సు మొత్తం వెనక్కి ఇస్తాను. పాత డబ్బాలు ఇంకా చాలా మిగిలాయి. పారేయలేక ‘ఆఫ్రికా’ మీద ‘క్యూబా’ అని స్టిక్కర్ అంటిస్తున్నాం, కాస్త వంకరగా ఉంటే ఏమీ అనుకోకండి.