శాంక్షన్ అయింది, డబ్బు పడలేదు: 2024–25 వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

ఎడ్యుకేషన్ లోనుల చిక్కుల్లో సభ్యులకు తోడుండే మన సంఘం 2024 ఏప్రిల్ నుంచి 2025 మార్చి వరకు చేసిన పనిని కార్యవర్గం తరఫున మీ ముందు పెడుతున్నాను. పోయినేడు నివేదిక మరీ పొడుగైందనీ, చివరిదాకా ఎవరూ చదవలేదనీ కొందరు మొహం మీదే చెప్పారు. అందుకే ఈసారి సమావేశాల చిట్టా పక్కన పెట్టి కేసుల గురించే రాశాను. చిట్టా కావాలన్నవారు మినిట్స్ పుస్తకం చూడొచ్చు, గదిలోనే ఉంటుంది.

ఈ ఏడాది రిజిస్టరులో 31 ఫిర్యాదులు ఎక్కాయి. లోను అసలు ఇవ్వనేలేదన్నవి నాలుగు. మిగతావాటిలో చాలావరకు ఇస్తామని ఇవ్వనివి, లేదంటే గడువు దాటాక ఇచ్చినవి. బయటివాళ్లకు ఈ తేడా అర్థం కాదు. "శాంక్షన్ లెటర్ వచ్చిందిగా, ఇంకేంటి?" అంటారు. ఎడ్యుకేషన్ లోను ఒక్కసారిగా చేతికి రాదు. శాంక్షన్ లెటర్లో మొత్తం అంకె ఉంటుంది. డబ్బు మాత్రం ఏడాదికోసారో, సెమిస్టరుకోసారో ముక్కలుగా కాలేజీ ఖాతాకు వెళుతుంది. నాలుగేళ్ల కోర్సంటే బ్యాంకు నాలుగైనా, ఎనిమిదైనా సార్లు మాట నిలబెట్టుకోవాలి. అందులో ఒక్కసారి తప్పినా పిల్లాడి హాల్‌టికెట్ ఆగుతుంది.

ఖమ్మంలో కుట్టుమిషన్ మీద ఇల్లు నడుపుతున్న ఒక సభ్యురాలి కేసు కొంచెం వివరంగా చెప్తాను, ఎందుకంటే మనం ఎక్కువ నేర్చుకున్నది దాంట్లోనే. కొడుకు బీటెక్ మూడో ఏడు. శాంక్షన్ లెటర్ ప్రకారం ఆ ఏడాది ఫీజు 1,10,000 జులైలో బ్యాంకు కట్టాలి. ఈమె బ్రాంచికి నాలుగుసార్లు తిరిగింది. మొదటిసారి మేనేజరు లీవు. రెండోసారి సర్వర్ డౌన్. మూడోసారి "మార్కుల మెమోలు తెచ్చారా అమ్మా?" అన్నారు. తీసుకెళ్లింది. నాలుగోసారి, "మీవాడికి ఒక సబ్జెక్టు బ్యాక్‌లాగ్ ఉంది గదమ్మా, అది క్లియరయ్యాక రండి" అన్నారు. కాలేజీ ఫైను వేయడం మొదలుపెట్టింది. ఆగస్టు మధ్యలో ఆమె తెలిసినవాళ్ల దగ్గర రెండు రూపాయల వడ్డీకి లక్షా పదివేలు తెచ్చి కట్టేసింది. ఫైను 1,500 అదనం.

మన దగ్గరికి వచ్చింది ఆ తర్వాతే. చేతిలో ఒక పాలిథీన్ కవరు, అందులో ఎనిమిది మడతలు పెట్టిన శాంక్షన్ లెటర్. మడతల దగ్గర అక్షరాలు చెరిగిపోయాయి. కోశాధికారి, నేను కళ్లద్దాలు మార్చుకుంటూ చదివాం. అందులో ఉన్నది, ప్రతి విడతకు ముందు మార్కుల జాబితా సమర్పించాలని మాత్రమే. బ్యాక్‌లాగ్ ఉంటే డబ్బు ఆపుతామని ఒక్క ముక్క లేదు. ఆమె ఫీజు కోసం ఎన్నిసార్లు వెళ్లిందో, ఎవరేమన్నారో కూడా ఎక్కడా రాసి లేదు. బ్రాంచి దృష్టిలో ఆమె అసలు అడగనే లేదు.

అందుకని మొదటి నుంచీ మొదలుపెట్టాం. ఒక పేజీ ఫిర్యాదు రాసి బ్రాంచిలో ఇస్తే, కాపీ మీద స్టాంపు వేయడానికి ఒప్పుకోలేదు. అదే కాగితం రిజిస్టర్డ్ పోస్టులో, అక్‌నాలెడ్జ్‌మెంటుతో పంపాం. 30 రోజులు చూశాం. జవాబు లేదు. అప్పుడు బ్యాంకుల మీద ఫిర్యాదులు విని తేల్చే రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు సీఎంఎస్ అనే ఆన్‌లైన్ ఫిర్యాదుల పోర్టల్లో పెట్టాం. డిసెంబరు రెండో వారంలో బ్యాంకు రసీదులు తీసుకుని ఫీజు, కాలేజీ ఫైను రెండూ ఆమె ఖాతాలో వేసింది. నాలుగు నెలల చేబదులు వడ్డీ 8,800 మాత్రం రాలేదు. ఆ అప్పుకు నోటు రాసుకోలేదు మరి. తెలిసినవాళ్ల దగ్గర నోటు ఏం అడుగుతామని ఆమె అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, నేనూ అంతే చేసేవాణ్ని.

ఈ అంబుడ్స్‌మన్ సంగతి ప్రతి సమావేశంలో చెప్తున్నాం, అయినా మళ్లీ రాస్తున్నాను. 2021 నవంబరు 12 నుంచి బ్యాంకులకూ, ఫైనాన్స్ కంపెనీలకూ కలిపి ఒకటే స్కీము. రూపాయి ఫీజు లేదు. ముందు బ్యాంకుకు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి 30 రోజులు ఆగాలి. ఆ జవాబు నచ్చకపోయినా, అసలు రాకపోయినా 2021 స్కీము ప్రకారం ఏడాదిలోపు వెళ్లాలి. అదే 2021 స్కీములో మన నష్టానికి 20 లక్షల దాకా, తిప్పించుకున్న టెన్షన్‌కు లక్ష దాకా ఇప్పించే అధికారం ఉంది. సందేహాలుంటే 14448కు ఫోన్ చేయొచ్చు. మన తరఫున లాయరు పెట్టే ఫిర్యాదును వాళ్లు తీసుకోరు, మనమే పెట్టుకోవాలి. లోను ఇవ్వాలా వద్దా అన్నది బ్యాంకు వ్యాపార నిర్ణయం, దాంట్లో అంబుడ్స్‌మన్ వేలు పెట్టరు. పైన చెప్పిన నలుగురినీ అందుకే వెనక్కి పంపాల్సి వచ్చింది. వాళ్లలో ఇద్దరికి మన మీద కోపం ఇంకా తగ్గలేదు.

ఇక ఓడిపోయిన కేసు. సత్తుపల్లి వైపు సభ్యుడొకరి కొడుక్కి జర్మనీలో ఎంఎస్ సీటు వచ్చింది. ఒక ఫైనాన్స్ కంపెనీ 30 లక్షలు శాంక్షన్ చేసింది. జర్మనీ వీసాకు ముందే అక్కడి బ్లాక్డ్ అకౌంటులో (నెలకు ఇంత అని తప్ప తీసుకోలేని ఖాతాలో) ఏడాది ఖర్చు వేసి చూపించాలి. 2024 సెప్టెంబరు నుంచి అది నెలకు 992 యూరోల లెక్కన 11,904 యూరోలు, మన డబ్బులో దాదాపు 11 లక్షలు. కంపెనీ ఏజెంటు ఫోన్లో, "వీసాకు ముందే రిలీజ్ చేయిస్తాం సార్, ఆ పూచీ నాది" అన్నాడు. తీరా అప్పాయింట్‌మెంట్ దగ్గరపడ్డాక కంపెనీవాళ్లు వీసా స్టాంపు చూపిస్తేనే డబ్బన్నారు. పిచ్చి కుదిరితే గాని పెళ్లి కుదరదు, పెళ్లి కుదిరితే గాని పిచ్చి కుదరదన్నట్టు అయింది. పూచీ ఇచ్చిన ఏజెంటు అప్పటికి వేరే కంపెనీకి మారాడు. ప్రాసెసింగ్ ఫీజు ఒక శాతం, దానిమీద జీఎస్టీ, కలిపి 35,400 అంతకుముందే పోయింది. అబ్బాయి ఆ ఇంటేక్ (ఆ విడత అడ్మిషన్) వదులుకున్నాడు.

మనం ఫిర్యాదు పెట్టాం, కంపెనీ ఒప్పంద పత్రం చూపించింది. వీసా తర్వాతే విడుదల అని పదహారో పేజీలో ఉంది. కింద తండ్రి సంతకం ఉంది. ప్రాసెసింగ్ ఫీజు కూడా తిరిగి రాలేదు.

అక్కడ మనం ఒకటి మిస్సయ్యాం. 2024 అక్టోబరు 1 నుంచి ప్రతి రిటైల్ లోనుకూ (వ్యక్తులకిచ్చే లోనుకూ) సంతకానికి ముందే కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంట్ అనే చిన్న పత్రం ఇవ్వాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపితే నిజంగా ఎంత శాతం పడుతుందో అందులో ఉంటుంది. డబ్బు ఒకేసారి ఇస్తారా, విడతలుగానా, విడతలైతే ఒప్పందంలో ఏ క్లాజు ప్రకారం అన్నదానికి ప్రత్యేకంగా ఒక గడి ఉంటుంది. రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో ఇవ్వాలి, అంటే తెలుగులో అడగొచ్చు. చదువుకుని ఒప్పుకోవడానికి కనీసం మూడు పనిదినాలు టైమివ్వాలి. ఆ సభ్యుడు నవంబరులో సంతకం పెట్టాడు. ఆ పత్రం ఆయనకు ఇచ్చారు కూడా, ఇంగ్లిషులో, మిగతా కట్టతో కలిపి. ఇంటూ గుర్తులు పెట్టినచోటల్లా సంతకాలు చేసుకుంటూ పోయాడు. ఇప్పుడు సంఘానికి ఎవరొచ్చినా టీ కంటే ముందు మేం అడిగేది ఆ పత్రమే.

ఇలాంటిదే ఇంకోటి. లోను ఏడున్నర లక్షలు దాటితే బ్యాంకులు మామూలుగా ఆస్తి పూచీ అడుగుతాయి. పల్లెటూరి సభ్యులకు ఉండేది గ్రామకంఠంలో, అంటే ఊరి నివాస స్థలంలో ఇల్లు. తాతలనాటి ఇల్లు, రిజిస్టర్డ్ డాక్యుమెంట్లు ఉండవు. ఇద్దరు సభ్యులకు బ్రాంచిలో "అన్నీ ఓకే, అయిపోతుంది" అన్నారు. లీగల్ ఒపీనియన్‌కు, వాల్యుయేషన్‌కు ఫీజులు కట్టించుకున్నాక లింకు డాక్యుమెంట్లు (ఆస్తి ఎవరి నుంచి ఎవరికి వచ్చిందో చూపే పాత పత్రాలు) లేవని తేల్చారు. ఆ ఫీజులూ తిరిగి రాలేదు. ఈసీ (ఆస్తి మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం), లింకు డాక్యుమెంట్లు ముందు మన గదికి తెండి, చూసిపెడతాం.

చిన్నదే అయినా నాకు బాగా సంతోషమనిపించిన కేసు ఒకటుంది. ఒక రిటైర్డ్ టీచరు గారు కూతురి లోను స్టేట్‌మెంటు వరసల వారీగా చూసి, డీడీ తమ చేతికి వచ్చింది జులై 19న అయితే వడ్డీ జులై 3 నుంచి పడిందని పట్టుకున్నారు. డబ్బు నిజంగా ఇచ్చిన రోజు నుంచి కాక శాంక్షనైన రోజు నుంచో, ఒప్పందం రోజు నుంచో వడ్డీ వేయడం తప్పని, చెక్కు చేతికివ్వకుండా తమ దగ్గరే ఉంచుకున్న రోజులకు కూడా వేయకూడదని, 2024 ఏప్రిల్ 29న రిజర్వ్ బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. అది జతచేసి ఉత్తరం రాశాం. లక్షన్నర మీద 11 శాతం లెక్కన 16 రోజులకు 723 రూపాయలు. పది రోజుల్లో తిరిగి జమైంది. ఆయన ఆ డబ్బుతో కార్యవర్గానికి పునుగులు పెట్టించారు. మీ స్టేట్‌మెంట్లు కూడా తీసి చూడండి.

వడ్డీ సబ్సిడీ గొడవలు ఏడు వచ్చాయి, ఒక్కటీ పూర్తిగా తేలలేదు. కుటుంబ ఆదాయం ఏడాదికి నాలుగున్నర లక్షల లోపుంటే, టెక్నికల్, ప్రొఫెషనల్ కోర్సుల లోనుకు కోర్సు కాలం, ఆపైన ఒక ఏడాది వడ్డీని కేంద్రం కడుతుంది. 2009–10 నుంచి ఉన్న స్కీమే, అన్ని బ్యాంకుల క్లెయిములూ చూసే నోడల్ బ్యాంకు కెనరా బ్యాంకు. మనం ఏ బ్యాంకులో తీసుకున్నా, ఆ బ్రాంచే మన క్లెయిము పంపాలి. చిక్కంతా అక్కడే. ఒకమ్మాయి కేసులో లోను ఇచ్చేటప్పుడు "వడ్డీ గవర్నమెంటు కడుతుంది, మీకేం భయం లేదు" అన్నారు. తహశీల్దారు ఇచ్చిన ఆదాయ ధ్రువపత్రం మీసేవ నుంచి తెచ్చి ఇచ్చింది కూడా. చదువయ్యాక చూస్తే అసలులో వడ్డీ కలిసిపోయి ఉంది. ఏడాదికి లక్ష చొప్పున నాలుగేళ్లు తీసుకుని, ఐదో ఏడు చివరికి 10 శాతం సాధారణ వడ్డీ లెక్కేసినా 50, 40, 30, 20 వేలు, మొత్తం 1,40,000. క్లెయిము పంపలేదని బ్రాంచి మాటల్లో ఒప్పుకుంటోంది, రాసిమ్మంటే ఇవ్వట్లేదు. ఫైలు అంబుడ్స్‌మన్ దగ్గరుంది.

2024 నవంబరు 6న కేంద్ర కేబినెట్ పీఎం విద్యాలక్ష్మి స్కీముకు ఆమోదం తెలిపింది. ఆదాయం 8 లక్షల లోపు ఉన్నవాళ్లకు 10 లక్షల దాకా లోను మీద మారటోరియం కాలంలో (వాయిదాలు కట్టనక్కర్లేని కాలంలో) 3 శాతం వడ్డీ రాయితీ, ఏటా లక్ష మందికి. ఎంపిక చేసిన విద్యాసంస్థల్లో సీటొస్తేనే, ఆమోదించినప్పుడు అవి 860. మన పిల్లలు చదివే కాలేజీల్లో చాలావాటి పేర్లు ఆ జాబితాలో లేవు కాబట్టి మరీ ఆశలు పెట్టుకోకండి, ముందు జాబితా చూసుకోండి.

ఫీజు రీయింబర్స్‌మెంట్ బకాయిల మీద కూడా చాలామంది అడిగారు. అది ప్రభుత్వం, కాలేజీల మధ్య లెక్క, మన పరిధిలో లేదు. వినతిపత్రం ఇచ్చాం, అంతే.

ఇప్పుడు మన తప్పు. ఒక రైతు సభ్యుడి కొడుక్కి కోర్సయ్యాక ఏడాది మారటోరియం ఉండగా, ఆరో నెలలోనే ఈఎంఐ మొదలైంది. తేలేదాకా కట్టొద్దని మేమే చెప్పాం. రెండు ఈఎంఐలు తప్పేసరికి లోనులో తోడుగా సంతకం చేసి కో-బారోయర్‌గా ఉన్న తండ్రి సిబిల్ స్కోరు (అప్పులు సరిగ్గా కడుతున్నాడా లేదా అని బ్యాంకులు చూసే అంకె) పడిపోయింది, ఆయనకు రావాల్సిన ట్రాక్టరు లోను ఆగింది. ఈఎంఐ తేదీని బ్యాంకు తర్వాత సరిచేసింది, స్కోరు సరయ్యేసరికి దుక్కుల కాలం దాటిపోయింది. ఆయన గట్టిగా ఒక్క మాట కూడా అనలేదు, అదే ఎక్కువ బాధ. ఇకమీదట ఏ సభ్యుడికైనా "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసిచ్చి కట్టమనే చెప్పాలని ఫిబ్రవరిలో తీర్మానం చేశాం.

లెక్కలు: 118 మంది సభ్యుల దగ్గర 200 చొప్పున 23,600 వచ్చింది. గది అద్దెకు 12,000, జిరాక్సులకూ పోస్టుకూ 6,450, టీకి 2,180 ఖర్చు. 2,970 మిగిలింది. టీ ఖర్చు ఎక్కువని పోయినసారి అడిగినవారికి: ఈసారి చక్కెర మానేసినవాళ్లు ఐదుగురు పెరిగారు, అయినా ఇంతే అయింది.

జూన్ మొదటి ఆదివారం ఉదయం పదింటికి మన గదిలో సమావేశం. కొత్తగా లోను తీసుకుంటున్నవాళ్లు శాంక్షన్ లెటరు, కీ ఫ్యాక్ట్స్ స్టేట్‌మెంటు జిరాక్సులు తీసుకురండి. సంతకం ఇంకా పెట్టనివాళ్లైతే పెట్టకుండానే రండి. వడ్డీ సబ్సిడీ ఏడుగురూ తప్పనిసరిగా రావాలి, అందరి పాస్‌బుక్ ఎంట్రీలూ కలిపి ఒకే పట్టిక తయారుచేయాలి. జర్మనీ అబ్బాయి మళ్లీ అప్లై చేశాడు. వాళ్ల నాన్న ఈసారి ఒప్పంద పత్రం మొత్తం తెచ్చి నా ముందు పెట్టాడు, ఇరవై రెండు పేజీలు. ఇప్పటికి తొమ్మిది చదివాం.

— కార్యదర్శి, కార్యవర్గం తరఫున